నూలు తగిలిన మెట్టు

పాత సున్నపు గోడ మీద వాన పడితే ఒక వాసన లేస్తుంది. మొన్న తొలకరికి మా వీధిలో సగం కూలిన గోడ నుంచి ఆ వాసన వచ్చింది. చేతిలో చాయ్ గ్లాసుతో అట్లాగే నిలబడిపోయాను. అది నర్సమ్మత్త మగ్గపు గదిలో మిగిలిన గోడ.

చౌటుప్పల్ దాటి మా ఊరొచ్చేవాళ్ళు మాది ఇరుకు వీధి అంటారు. వట్టి అబద్ధం. నల్లగొండ జిల్లాలో ఇంత వెడల్పుగా వేసిన పాత వీధి ఇంకొకటి చూపించండి! పడుగు పోగులను వీధి పొడవునా సాచి గంజి పట్టించాలి గనక, మా నేతవాళ్ళు ఇళ్ళను రెండు పక్కలా వెనక్కి జరిపి కట్టుకున్నారు. గూనపెంకులు, డంగుసున్నం గోడలు, టేకు దర్వాజలు. కిటికీలు మాత్రం మోకాలి ఎత్తులోనే. చూసినవాళ్ళు నవ్వేవారు. గుంటమగ్గంలో నేల మట్టానికి కూర్చున్న మనిషి నేసే బట్ట మీద వెలుతురు పడాలంటే కిటికీ ఇంకెక్కడ ఉండాలి? నేను పొట్లాల కాగితాలు చదివి అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి. ఇంటిని ఎట్లా చూడాలో నేర్పింది మాత్రం పక్కింటి నర్సమ్మత్తే.

మా వీధికి ఒక కట్టుబాటు ఉండేది. ఎవరు ఇల్లు కట్టినా, అరుగు లేపాక ఈ చివర నుంచి ఆ చివరకు నూలు పోగు లాగేవారు. అరుగు పోగుకు తగిలితే కట్టినవాడే తీసెయ్యాలి. తిట్లు లేవు, జుర్మానా లేదు. పోగు కొస పట్టుకునే పని నర్సమ్మత్తది. సొంత తమ్ముడి అరుగే పోగును నెట్టిందని, వాళ్ళ గృహప్రవేశం నాడు ఆమె విస్తరి ముందు కూర్చోలేదు.

“అన్నం మీద అలుగుతవా అక్కా?” అని తమ్ముడు బతిమాలాడు.

“అన్నం మీద గాదురా, నీ అరుగు మీద అలిగిన. గది జరిపినంక పిలువు, రెండు బచ్చాలు ఎక్కువ తింట.”

అరుగు జరిగింది. ఆమె పూర్ణం బచ్చాలూ తింది.

తెలంగాణ వచ్చాక మా ఊరు మున్సిపాలిటీ అయింది. రోడ్డు వెడల్పు చేస్తామని ఒకనాడు, ఎంతవరకు కూలుస్తారో చూపిస్తూ, గోడలకు ఎర్ర గీతలు గీశారు. మా వరుసలో ఆ గీత మగ్గపు గదుల నడుమ నుంచి పోయింది. ఎదురు వరుసలో మల్లేశం మూడంతస్తుల బిల్డింగు మెట్లు రోడ్డు మీదికి వచ్చి కూర్చున్నాయి. వాటి మీద చుక్క రంగు లేదు. మల్లేశం కూడా మా వీధి పిల్లవాడే, ఇప్పుడు లీడరు. మున్సిపల్ ఆఫీసు ముందు ధర్నాకు కూర్చుందామని నేను ఎగిరాను.

“లొల్లి ఎందుకు సత్తెయ్యా? నూలు తీస్కరా” అంది నర్సమ్మత్త. “అందరి ముందట లాగుదాం. తగిలినోడు తీస్కుంటడు. వీధి దానంతటదే తెరుసుకుంటది.”

రెండు వరుసల ముందూ లాగాం. వీధంతా చేరింది, మున్సిపాలిటీ ఓవర్సీరూ వచ్చాడు. పోగు రెండే చోట్ల తగిలింది. ఒకటి మల్లేశం మెట్లు. రెండోది నర్సమ్మత్త ఇంటి ముందటి చిన్న సిమెంటు మెట్టు. పక్షవాతం వచ్చిన ఆమె భర్త, మా మామ, అరుగు ఎక్కలేకపోతే వేయించినది. మామ మీది జాలితో వీధి దాన్ని, ఆయన పోయాక కూడా, చూసీ చూడనట్టు వదిలేసింది. ఆమె గడ్డపార అందుకుంది.

“జర ఆగు అత్తా. ముందుగాల వాణ్ణి తియ్యనీ.”

“నాది ఉంచుకొని వాణ్ణి ఏ మొఖంతోని అడుగుత?”

ఆ ముసలి చేతులతోనే పగలగొట్టింది. కొంగుతో చెమట తుడుచుకొని, “ఇగ నీ వంతు బిడ్డా” అంది.

మల్లేశం ఫోను చెవి నుంచి తియ్యకుండానే నవ్వాడు. “గా కాలం పోయింది అవ్వా.”

మర్నాడు పొద్దున జేసీబీ వచ్చి నేరుగా ఆమె ఇంటి ముందే ఆగింది. ఉరికిపోయి అడ్డం నిలబడ్డాను. ఓవర్సీరు నిదానంగా, నాకేదో మేలు చెబుతున్నట్టు అన్నాడు: “అవ్వ నిన్ననే తన చేతులతోని మొదలువెట్టింది గద పెద్దాయనా. ఒప్పుకున్న ఇంటి నుంచే షురూ చేస్తున్నం.”

తన తప్పు తాను దిద్దుకున్న మనిషిని పట్టుకొని, ఇల్లు కూల్చడానికి ఒప్పుకుంది అని చెప్పవచ్చునా? ఇన్నేళ్ళు బతికి అట్లాంటి మాట వినలేదు. మోకాలి ఎత్తు కిటికీ ముందు పోయింది. తర్వాత పెంకులు జలజలా రాలాయి. ఆమె ఒక బిందె చంకన పెట్టుకొని నడివీధిలో నిలబడి చూసింది. ఏడవలేదు. మేం మిగతావాళ్ళం కోర్టుకు పోయి పని ఆపించుకున్నాం. మా ఇళ్ళు నిలిచాయి. మల్లేశం మెట్లూ నిలిచాయి. కూలింది ఆమె ఇల్లొక్కటే.

జడ్చర్లలో కూతురు కిరాయికున్న ఇంటికి చేరింది. చూడబోయినప్పుడు ఉండబట్టలేక అడిగాను. “ఎందుకు పలగ్గొట్టినవ్ అత్తా? గా మెట్టే గదా ఇల్లు ముంచింది?”

“ఇల్లు వాళ్ళు ముంచిన్రు. మెట్టు నేను తీసిన. రెండిట్ని కలుపకు” అంది. “చాయ్ సల్లారుతాంది, తాగు.”

అక్కడే పోయింది. ఆమె ఎట్లా దిగమింగుకుందో గానీ, నాకు మాత్రం ఇప్పటికీ మింగుడు పడలేదు. పడకూడదు కూడా.

ఈ మధ్య మా కొడుకు మా ఇంటి మీద ఇంకో అంతస్తు బంగ్లా లేపుతున్నాడు. మేస్త్రీ సజ్జ పోయడానికి వీధి మీదికి చాచి చెక్కలు కొట్టాడు. దింపమన్నాను.

“మీదికెల్లి పోతే ఎవలకు అడ్డం తాతా? గీ వీధిల అందరు చాపినోళ్ళే. నిన్ను అడిగెటోడు ఎవడున్నడు?”

“నేనున్న” అన్నాను.

చివరి చెక్క దిగేదాకా ఎండలో అక్కడే నిలబడ్డాను.