సిలిండర్‌లోకి పోయిన దండెం తాడు

ఇవాళ ఒక పాత కారు నీలం పొగ వదులుతూ పోతే, హైదరాబాద్ పాతబస్తీ హుస్సేనీ ఆలంలో మా బట్టల వాసన గుర్తొచ్చింది. అప్పట్లో మా పక్కింట్లో ఉన్న మీకూ గుర్తుండే ఉంటుంది. బాపు పొద్దున్నే టాక్సీ స్టార్ట్ చేస్తే చాలు, దండెం మీది బట్టలన్నీ కంపు కొట్టేవి.

"వాల్వ్ సీళ్లు అరిగినయి, నూనె లోపలికి కారి కాలుతున్నది" అన్నాడు మెకానిక్ జహంగీర్ చాచా. తన దగ్గరున్న అదే రకం ఇంజన్ పాత వాల్వ్ పట్టుకుని బజారంతా తిరిగి, దానికి బిగుతుగా పట్టే సీళ్లే తెచ్చాడు.

"భాబీ, దండెం తాడు ఇయ్యిండ్రి. ఇంజన్ మొత్తం ఇప్పకుండనే ఏస్త."

ప్లగ్గు రంధ్రంలోంచి తాడును సిలిండర్‌లో కూరాడు. స్ప్రింగులు తీసినా, తాడు అడ్డముండి వాల్వులు లోపలికి జారలేదు. చాచా సీళ్లను బొటనవేలితో నెమ్మదిగా నొక్కి కూర్చోబెట్టాడు.

తెల్లారి పొగ లేదు. నూనె తాగిన తాడును అమ్మ చాచా చేతిలో పెట్టింది.

"మీ సామాన్ల ఉంచుకోండ్రి భాయ్. ఇంకో ఇంట్ల బట్టలకు గూడ పొగ తప్పుతది."