మంచు టైర్లకు మా సంఘం పోసిన తలంటు

మంచును పుట్టించినవాడికి స్తోత్రం. దాన్ని విశాఖపట్నం మీద కురిపించకుండా దయ చూపినందుకు ఆయనకే ఇంకో స్తోత్రం. ఉక్కపోతలోనే ఇన్ని తగాదాలు పడే మా సంఘానికి జారుడు రోడ్లు కూడా ఇచ్చి ఉంటే ఏమైపోయేవాళ్ళమో!

మా చెల్లెలు నర్సు. హిమాచల్ కొండల్లో ఒక చిన్న మిషన్ ఆసుపత్రిలో భర్తతో కలిసి సేవ చేస్తోంది. ఇప్పుడు కడుపుతో ఉంది. కాన్పు సరిగ్గా నడి చలికాలంలో వస్తుంది. కష్టమైన కాన్పయితే ఘాట్ రోడ్డు దిగి కింద పెద్దాసుపత్రికి వెళ్ళాలి. కిందటి చలికాలం ఆ రోడ్డు మీదే వాళ్ళ పాత బండి ఒక మలుపులో జారి కొండకు గుద్దుకుని ఆగింది. లోయవైపు కాకుండా కొండవైపు జారడం దేవుని కృపే. కానీ ప్రతిసారీ ఆయన్నే స్టీరింగ్ పట్టుకోమనడం మర్యాద కాదనిపించింది.

అందుకని మా సంఘం ఒక సెకండ్ హ్యాండ్ జీపు కొని, మంచి టైర్లు వేసి పంపాలని తీర్మానించింది. టైర్లు కొనే పని సంఘ పెద్దనైన నా మీద పడింది. బండి అంతదూరం తోలుకెళ్ళడానికి మా ఆవిడ అన్న ఒప్పుకున్నాడు. ఆ బావ పోర్టులో ట్రైలర్ డ్రైవరు. చర్చికి క్రిస్మస్ నాడు మాత్రం వస్తాడు, అదీ భోజనాల వేళకి.

పాపాలు కడిగితే మంచులా తెల్లబడతాయని మేం ఆదివారం ఆదివారం గొంతెత్తి పాడతాం. మాలో ఎవరూ ఫ్రిజ్ పైఅరలో తప్ప మంచు చూడలేదు. గాజువాక టైర్ల షాపులో మంచు రోడ్డుకి టైర్లు కావాలంటే, "లంబసింగికా అండీ?" అన్నాడు షాపాయన. కాదు, ఆకాశం నుంచి రాలి రోడ్డు మీద గడ్డకట్టేదని చెప్పాను. ఆయన పైకప్పు వైపు చూశాడు.

బావ మాత్రం తడుముకోలేదు. "పెద్ద పెద్ద గుబ్బలున్నవి తీసుకో బావా. బురదలో ఆగే టైరు మంచులో ఆగదేటి?" అన్నాడు. ట్రాక్టరుకి తమ్ముళ్ళలా ఉన్న నాలుగు టైర్లు కొన్నాం.

వాటిని బండికి ఎక్కించే ముందు ప్రార్థన పెట్టుకున్నాం. బాప్తిస్మానికి వచ్చినవాళ్ళలా నాలుగూ వరుసగా పుల్పిట్ ముందు నిలబడ్డాయి. పాస్టర్ అయ్యగారు ఒక్కో టైరు మీద ఒక్కో చుక్క నూనె పెట్టమన్నారు. ఆ పని మా స్త్రీల సమాజం పెద్ద మామ్మగారిది. ఆవిడ చుక్కలతో సరిపెట్టే మనిషి కాదు.

"సుక్కెడితే దేవుడికి ఆనద్దేటి?" అంటూ కొబ్బరినూనె సీసా వంచి, గుబ్బ గుబ్బకీ, గాడి గాడికీ పట్టించారు. మేం పాటలు పాడుతూ నిలబడ్డాం. అభిషేకం చేస్తున్న మనిషిని ఆపే ధైర్యం మా సంఘంలో ఎవరికీ లేదు. పైగా ప్రతిష్ఠించిన టైర్లకు వైజాగ్ దుమ్ము అంటకూడదని ఆవిడ ఆజ్ఞ. అందుకే వాటిని జీపులో వేసుకుని, పాత టైర్ల మీదే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళాం.

హార్బర్‌కి ఎందుకంటే, ఊరు మొత్తంలో టైర్లు పరీక్షించేంత ఐసు దొరికేది అక్కడే. ఐస్ ప్లాంటు వాళ్ళు మాకు తెలిసినవాళ్ళు. చేపల వేలంపాట అయిపోయాక, వాకిట్లో ఐసు పిండి చేసి పరిచారు. బావ అక్కడే కొత్త టైర్లు ఎక్కించాడు. అయ్యగారు, మామ్మగారు, నేను గోడ పక్కన నిలబడ్డాం.

జీపు నెమ్మదిగా వచ్చింది. బావ బ్రేకు తొక్కాడు. చక్రాలు ఆగాయి, జీపు ఆగలేదు. నడుం తిప్పుకుంటూ తీరిగ్గా వెళ్ళి, కానాగంత చేపల టబ్బులు రెండిటిని బోర్లించి అప్పుడు ఆగింది.

చేపలమ్మే ఆవిడ చేతులు తిప్పుతూ లేచింది. "ఓలమ్మో! సచ్చిన సేపల్ని మళ్ళీ సంపుతారేటర్రా?"

బావ దిగి టైరు తడిమాడు. వేళ్ళు వాసన చూసుకున్నాడు. "ఏటి బావా ఇది? టైరుకి తలంటు పోసినారేటి? ఇంక కుంకుడుకాయలే తక్కువ!"

"నూనె మీదకి నెట్టీకు నాయనా," అన్నారు మామ్మగారు. "నువ్వు సర్చికి రావు. అందుకే జారింది."

అయ్యగారు చేపలు ఏరడంలో మునిగిపోయారు.

సబ్బు పొడితో టైర్లు రుద్ది రుద్ది కడిగి మళ్ళీ తోలాం. ఈసారి తక్కువ జారింది గానీ జారింది. నూనె నేరం సగమేనని తేలింది.

సాయంత్రం చెల్లెలికి వీడియో కాల్ చేసి చెబితే, కడుపు పట్టుకుని మరీ నవ్వింది. "గుబ్బలు బురదకి అన్నియ్యా. ఐసు మీద పట్టు దొరకాలంటే టైరు నిండా సన్న సన్న గాట్లుండాల. ఇక్కడి సలికి మామూలు రబ్బరు కర్రలాగ బిగుసుకుపోద్ది. టైరు పక్కన కొండబొమ్మ లోపల మంచుపువ్వు గుర్తుంటాది, అది సూసి కొను. నాలుగూ అవే ఎయ్యాల."

తర్వాత నవ్వు ఆపేసింది. "మొన్న సలికాలం నొప్పులొచ్చిన ఒకావిణ్ణి కిందికి దింపినాం. బండి జారిపోతంటే నానే దిగి చక్రాల కింద రాళ్ళెట్టాను. ఈసారి బండిలో నొప్పులు పడేది నాను. నాను దిగలేను గదా అన్నియ్యా."

ఆ రాత్రి నా ప్రార్థనలో స్తుతి భాగం చాలా పొట్టిగా సాగింది.

మర్నాడే షాపాయనతో ఉత్తరాదికి ఫోన్ చేయించి ఆ గుర్తున్న టైర్లు తెప్పించాం. బావ బొటనవేలితో నొక్కి పెదవి విరిచాడు. "ఇది టైరా, ఇడ్లీయా?" అన్నాడు. అతను నమ్మని టైర్ల మీద అంతదూరం పంపడం నాకూ ఇష్టం లేదు. ఆదివారం ఆరాధనకు ముందు పాత రకం ఒకటి, కొత్త రకం ఒకటి తీసుకెళ్ళి ఐస్ ప్లాంటు చలిగదిలో దిమ్మల మధ్య పెట్టాం. సాయంత్రం అందరం వెళ్ళి బయటికి దొర్లించాం. గుబ్బల టైరును తడితే తలుపు కొట్టినట్టు చప్పుడయింది. కొత్తదానిలో ఇంకా గోరు దిగుతోంది.

మామ్మగారు రెండూ నొక్కి చూశారు. "ఇదీ నిజమైన విశ్వాసి. అంత సలిలో ఉన్నా మనసు గట్టిపడలేదు," అన్నారు. ఇన్నేళ్ళలో మా పుల్పిట్ మీంచి అంత చక్కటి ప్రసంగం నేను వినలేదు. అయ్యగారు నన్ను క్షమించాలి.

బండి బయల్దేరే రోజు ఆవిడ మళ్ళీ నూనె సీసాతో వచ్చారు. సంఘ పెద్దలందరం ఒక్క గెంతులో టైర్లకు అడ్డంగా నిలబడ్డాం. బావ తన బట్టతల ముందుకు వంచాడు. "నా తలకి రాసీ మామ్మా. అదెలాగూ రోడ్డుకి తగల్దు."

ఆవిడ సీసా వంచారు. అయ్యగారు ప్రార్థించారు. బావ "సల్లగుంది" అన్నాడు. ఆమేన్ మాత్రం అనలేదు.

నిన్న కొండ మీంచి అతని ఫోన్ వచ్చింది. రాత్రంతా మంచు కురిసిందట. పొద్దున్నే ఆ మలుపు దగ్గర ఖాళీ బండితో బ్రేకు తొక్కి చూశాడట. "ఆగింది బావా," అన్నాడు. "మామ్మకి సెప్పు," అని ఫోన్ పెట్టేశాడు.

చెల్లెలికి నెలలు నిండాయి. ఈ వారమే బావ ఆ జీపులో కిందికి దించుతాడు. మా చేతనయిన టైర్లు మేం వేశాం. మిగతా రోడ్డు ఆయనది. ఇంతదూరం చదివిన మీరు కూడా ఆ తల్లీబిడ్డల కోసం, మా బావ కుడికాలి కోసం నాతో కలిసి ఒక్క నిమిషం తల వంచండి. బండి తోలుతూ ఎవరైనా దీన్ని చదివించుకుని వింటుంటే మాత్రం దయచేసి కళ్ళు మూసుకోవద్దు. మీ ఆమేన్ కూడా నేనే చెబుతాను.