వెనక తలుపు తెరిస్తే లేచే బండి

వీధిలో అందరూ అతన్ని సెల్ఫు మామ అంటారు. బండి ఇంజన్లను లేపే సెల్ఫు మోటార్లు మొండికేస్తే, వాటిని దారికి తేవడం అతని వృత్తి. అతను మొండికేస్తే దారికి తేగల మనిషి మాత్రం ఒక్కరే ఉన్నారు. ఆమె అతని భార్య, గ్రంథాలయ ఉద్యోగిని.

పనిలో మామకొక నియమం ఉంది: వైరు కంటికి కనబడితే ఆ పని చేయనట్టే లెక్క. అందుకే తండ్రి వాడిన పాత కారుకు, తుక్కుకు పోయిన పాలవ్యాను ఇంజను బిగించినప్పుడు, వైర్లన్నీ నేలపట్టా కింద పరిచి, పట్టాను బంకతో అతికించి, సీట్లు బిగించి, ఆ తర్వాతే నడిపి చూద్దామనుకున్నాడు. తీర్పు రాసేసి సాక్షుల్ని పిలవడం వంటిదే ఇది.

పూర్వం ఆ కారు కాలితో తొక్కితే లేచేది. కొత్త ఇంజనుకు సోలెనాయిడ్ కావలసివచ్చింది. బటను నొక్కగానే బ్యాటరీ కరెంటును సెల్ఫు మోటారుకు వదిలే చిన్న డబ్బా అది. దాని నల్లవైరు బటనుకు వెళ్ళాలి. పట్టా కింద మరో నల్లవైరు ఉంది. వెనక తలుపు తెరిస్తే వెలిగే దీపానిది. మామ ఆ రెంటినీ తారుమారు చేశాడు.

బండిని మొదటిసారి నడిపి చూసే రోజే భార్య పదవీ విరమణ సభ. "ఈ బండిలో నన్ను సభకు తీసుకెళ్తే ఉంచుకోండి. లేదంటే రేపే తుక్కు కొట్టుకి," అని ఆమె ముందే తేల్చేసింది. ఆ ఇంట్లో అప్పీలుకు తావు లేదు.

మామ బటను నొక్కాడు. పైన దీపం వెలిగింది. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ వెలిగింది.

"బాగుంది బావా," అన్నాడు పక్కింటి దర్జీ, కారు కిటికీలోంచి తొంగిచూసి. "ఎక్కడికీ వెళ్ళకుండా కూర్చుని పేపరు చదువుకోవచ్చు."

అంతలో భార్య వచ్చి వెనక తలుపు తెరిచింది. ఇంజను ఉలిక్కిపడి లేచింది.

"ఇదేంటండీ?"

"దొంగల కోసం," అన్నాడు మామ గొంతు సవరించుకుని. "ముందు కూర్చున్న దొంగకి వెనక తలుపు తియ్యాలని ఎలా తడుతుంది?"

"మీకు తట్టిందా?"

ఆమె ఎక్కి తలుపు వేసుకోగానే మామ గేరు వేశాడు.

గ్రంథాలయం గుమ్మం ముందు ఇంజను ఆగిపోయింది. కంగారులో మామ గేరూ తియ్యలేదు, తాళం తిప్పి ఆపనూ లేదు. పూలగుత్తితో ఎదురొచ్చిన పై అధికారి మర్యాదగా వంగి వెనక తలుపు తెరిచాడు. బండి ముందుకు దూకింది. తలుపు వదిలేస్తే అగౌరవమనుకున్నాడో ఏమో, ఆయన దాన్ని పట్టుకునే పక్కన పరుగెత్తుతూ, "మీ సేవలు... ఈ సంస్థ... ఎన్నటికీ..." అని ఉపన్యాసం మొదలుపెట్టాడు. సైకిల్ స్టాండు దగ్గర మామ బ్రేకు తొక్కాడు.

ఆమె పూలగుత్తి అందుకుంది. "చాలా సంతోషమండీ. ఇక తలుపు వదలండి."

ఇంటికి రాగానే మామ బ్లేడు తీసుకుని నేలపట్టా కోయడానికి కూర్చున్నాడు. చీకటి పడేలోగా సరిచేస్తే శిక్ష తగ్గుతుందని ఆశ.

"ఆపండి," అంది భార్య.

"తుక్కుకేనా?"

"నేను లేచి చెయ్యి వెయ్యందే ఈ ఇంట్లో ఏదీ కదలదని ఇన్నేళ్ళలో మీరు ఒక్కసారి ఒప్పుకోలేదు. ఈ బండి ఒప్పుకుంది. దాన్ని ముట్టుకోకండి."

మామ బ్లేడు జేబులో వేసుకున్నాడు. "మరి పొద్దున్నే నేను పనికెళ్ళాలంటే?"

"పిలవండి. వస్తాను."

మరునాడు ఉదయం కారులో బిగుసుకుని కూర్చున్న మామ, ఇంటివైపు తిరిగి, "ఏమోయ్, ఒకసారి రా," అన్నాడు. ఎవరూ రాలేదు. కాసేపటికి, "కాస్త వస్తావా," అని మార్చి పిలవడం దర్జీ చెవిన పడింది. ఆ వెంటనే వెనక తలుపు తెరుచుకున్న చప్పుడు, ఇంజను లేచిన చప్పుడు.