మామయ్య పొట్టలో పాపపురుషుడు

మా మామయ్యది ఇస్త్రీ కొట్టు. కోపంలో ఆయనకీ ఇస్త్రీపెట్టెకీ తేడా ఒక్కటే: పెట్టె వేడెక్కడానికి కాస్త టైము పట్టేది. పైగా పుట్టినప్పటి నుంచీ ఆయన నాలుకకి 'ర' తిరగదు. "ఎవలే నా ఇస్త్లీపెట్టె కదిపింది?" అని ఉరిమితే, భయపడాలో నవ్వాలో తెలియక, సెలవులకి వచ్చిన మేం గుడ్డల మూటల వెనక నక్కేవాళ్ళం.

ఒకసారి తనే ఓ తెల్లచొక్కా మాడ్చి, నలుగురి ముందూ ఆ నేరం అత్తయ్య మీదికి తోసి, నానా మాటలూ అన్నాడు. అత్తయ్య మారు పలకలేదు. ఆ పలక్కపోవడం అక్కడితో ఆగలేదు. వేళకి అన్నం పెట్టేది, చొక్కాలు మడత పెట్టేది. మాట మాత్రం లేదు. మామయ్య సగమైపోయాడు.

పక్కింటి లెక్కల మాస్టారు జాలిపడి, కోపానికి మందుగా భూతశుద్ధి అనే ధ్యానం ఉపదేశించారు.

"నీ పొట్టలో ఎడంపక్క పాపపురుషుడున్నాడోయ్. 'యం' అని గాలితో వాణ్ణి ఎండబెట్టు. 'రం' అని నిప్పుతో కాల్చు. 'వం' అని అమృతంతో ఆ బూడిద తడుపు. 'లం' అని మట్టితో కొత్త ఒళ్ళు గట్టిపరుచుకో."

"ముందు తడిపి కదండీ, తల్వాత ఆలబెట్టేది?" అన్నాడు వృత్తిధర్మం విడవని మామయ్య.

"ఇది లుంగీ కాదయ్యా, నువ్వు!"

మర్నాటి నుంచీ మహాయజ్ఞం మొదలైంది. బీరువాకీ గోడకీ మధ్య తెర కట్టుకుని, బాసింపట్టు వేసి, "యం... యం..." ఆపైన మహా గంభీరంగా, "లం... లం..." తెర అవతల అత్తయ్య కాలర్లకి గంజి పెడుతూ వినేది. కోపం తగ్గలేదు సరికదా, ఓ పొద్దున బొగ్గులవాడి మీద ఇంతెత్తున లేచి, వచ్చి మళ్ళీ కూర్చున్నాడు.

"లం..."

తెర సర్రున పక్కకి జరిగింది.

"రం! లం కాదు మహానుభావా, రం! వాణ్ణి కాల్చమంటే రోజూ గట్టిపరుస్తున్నావు. ఇంక కోపం ఎక్కడ తగ్గుతుంది?"

మామయ్య కళ్ళు తెరిచాడు. అత్తయ్య మాట్లాడిందన్న సంగతి ఇద్దరికీ ఒకేసారి తెలిసింది.

"చొక్కా మాడ్చింది నేనేనే," అన్నాడు గొంతు తగ్గించి.

"అది వీధంతటికీ తెలుసు. రం అను."

"లం."

"నా ఖర్మ," అని అత్తయ్య నవ్వేసింది.

ఆ తర్వాత రోజూ ఆ ఒక్క బీజాక్షరమూ తెర అవతల నుంచి ఆవిడే అందించేది. మిగతావి ఆయన చూసుకునేవాడు. పాపపురుషుడు పూర్తిగా కాలాడని చెప్పలేను గానీ, బాగానే కమిలాడు.

అత్తయ్య పోయాక కూడా మామయ్య ధ్యానం మానలేదు. 'యం' అనేవాడు. తర్వాత తెర వైపు చెవి పెట్టి కాసేపు ఊరుకునేవాడు. అప్పుడు గానీ 'వం' అనేవాడు కాదు.