ఖాళీ ఎంటర్

నేను ఎన్నడూ ఎదురుగా చూడని ఒక మనిషి నాకు కనిపిస్తూ ఉంటుంది. దేవరకొండ బస్సు ఏ స్టేజీ దగ్గర ఆగినా, అక్కడ చేతిసంచి పట్టుకుని రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డ ఆడపిల్ల ఉంటే చాలు, ఆమే అనుకుంటాను. బస్సు కదిలాక కూడా మెడ తిప్పి చూస్తాను. ఆమె పోయి ఏడేళ్లయింది. ఆమె ఇంకా బతికి ఉండగానే చనిపోయిందని రాసుకున్నది నా ప్రోగ్రాం. ఆ సంగతి ఆరేళ్ల పాటు నేను ఎవరికీ చెప్పలేదు.

తెలంగాణ వచ్చిన కొత్తలో నల్గొండలో నా డిగ్రీ అయిపోయింది. కంప్యూటర్లు చదివానన్న ఒక్క కారణంతో దేవరకొండలో ఒక ధర్మ దవాఖానలో పని దొరికింది. ఫిట్స్ ఉన్నవాళ్లకు నెలనెలా జీపులో మాత్రలు తీసుకెళ్లి ఇవ్వడం ఆ దవాఖాన పని. ముప్పై రోజులకు ముప్పై రోజుల మాత్రలు. వాటిని ఒక్కరోజు కూడా ఆపకూడదు. ఆపితే ఏమవుతుందో ఆ చుట్టుపక్కల అందరికీ తెలుసు. పొయ్యి దగ్గర పడ్డవాళ్ల గురించి, బావి గట్టు మీద పడ్డవాళ్ల గురించి ఏ ఊరికి పోయినా చెప్తారు.

జీపులో వెళ్లే ఆరోగ్య కార్యకర్త ఒకామె ఉండేది. యాభై దాటిన మనిషి, అందరికీ అక్క. డాక్టరు కూడా అక్కా అనే పిలిచేవాడు. ఏ ఊళ్లో ఎవరికి ఏ మాత్ర, ఎవరు దాన్ని మింగకుండా దిండు కింద దాస్తారు, అన్నీ ఆమె నాలుక చివర ఉండేవి. రోజంతా తిరిగొచ్చి రిజిస్టరులో ఉన్నదంతా కంప్యూటర్లోకి ఎక్కించాలి. అది ఆమెకు ప్రాణసంకటం. పెద్ద తెర మీద గళ్లు, గళ్లలో చిన్న గళ్లు చూస్తే కళ్లు తిరుగుతాయనేది. అప్పుడు నేను ఒక ప్రోగ్రాం రాస్తానన్నాను. గళ్లు ఉండవు, అది అడుగుతుంది, నువ్వు చెప్తావు, అంతే అన్నాను.

పైథాన్ అనే కంప్యూటరు భాషలో రాశాను. నల్లటి తెర మీద ఒక ప్రశ్న వస్తుంది. మనిషి ఏదో ఒకటి కొట్టి ఎంటర్ నొక్కేదాకా ప్రోగ్రాం అక్కడే ఆగి ఉంటుంది. నొక్కగానే తర్వాతి ప్రశ్న వేస్తుంది. ఆ తెరలో తెలుగు గుణింతాలు చెదిరిపోతుంటే, ఇంగ్లిషు అక్షరాలతోనే తెలుగు ప్రశ్నలు రాశాను. ఊరు ఏది, పేరు ఏమిటి, ఏ మాత్ర, ఎన్ని ఇచ్చారు, ఫిట్స్ వచ్చాయా. పేరు కొట్టగానే, మాత్రల సంగతి కంటే ముందు, మనిషి ఉన్నారా? ఒకటి కొడితే ఉన్నారు, రెండు కొడితే లేరు.

ఇలాంటి ప్రోగ్రాంలో ప్రశ్న రాయడం గొప్ప పని కాదు. జవాబుకు కాపలా కాయడమే పని. అంకె అడిగితే పేరు కొడతారు, పేరుకు ముందు ఖాళీ వదుల్తారు, కంగారులో తెర మీది ప్రోగ్రాం కిటికీనే మూసేస్తారు. నేను అన్నిటికీ కాపలా పెట్టాను. తప్పు కొడితే మళ్లీ చెప్పండి అని మర్యాదగా అడిగేది. అంత పొగరు నాకు అప్పుడు.

అక్కకు అది తెగ నచ్చింది. దానికి పైకే జవాబులు చెప్పేది. మనిషి ఉన్నారా అని తెర అడిగితే, "ఉన్నడు, ఉండక యాడికి పోతడు, పొద్దుగాలనే నాతోని లొల్లి పెట్టుకున్నడు" అని ఒకటి కొట్టేది. నేను పక్క బల్ల దగ్గర నవ్వుకునేదాన్ని. పది రోజులయ్యాక మాత్రం విసుగు మొదలైంది.

"గిదేంది బిడ్డా, ఒక్కొక్కటి మల్ల మల్ల కొట్టుమంటది? రిజిస్టర్ల అయితే పైన రాసిందే కిందికైతే రెండు సుక్కలు పెడ్తం, అయిపాయె. గా సుక్కలు దీంట్ల ఉండయా?"

ఉంటాయక్కా అన్నాను. ఏమీ కొట్టకుండా ఖాళీగా ఎంటర్ నొక్కితే, పై మనిషికి చెప్పిన జవాబే కింది మనిషికి పడేలా మార్చాను. ఊరు మారితే మాత్రం అంతా చెరిపేసి కొత్తగా అడగాలి. అన్ని ప్రశ్నలకూ ఒకటే పద్ధతి, ఆరో ఏడో వరసల కోడ్. రాస్తున్నప్పుడు మనిషి ఉన్నారా అన్న ప్రశ్న దగ్గర ఒక్క క్షణం ఆగాను. ఒకరు లేరు అన్నాక కిందివాళ్ల దగ్గర ఖాళీగా నొక్కితే? ఆ ప్రశ్నకు విడిగా రాయాలంటే ఇంకో నాలుగు వరసలు కావాలి. అన్నం వేళ అయింది. తర్వాత చూద్దాంలే అని టిఫిన్ డబ్బా మూత తీశాను.

ఇది మరిచిపోయిన విషయం కాదు. నాకు తోచింది, పక్కన పెట్టాను.

రిజిస్టరులో చుక్కలు పెట్టే చెయ్యికి ఎక్కడ పెట్టకూడదో తెలుస్తుంది. చనిపోయిన మనిషి పేరు కింద ఏ రాతగాడూ చుక్కలు పెట్టడు. అదే చెయ్యి ఎంటర్ మీదికి వచ్చేసరికి ఆ చూపు పోయింది. అక్క అలవాటు పడ్డ కొద్దీ తెర వైపు చూడడం మానేసి, రిజిస్టరు మీద వేలు పెట్టుకుని టకటకా నొక్కుతూ పోయేది. చాలా నెలలు ఏమీ కాలేదు, ఎందుకంటే ఎవరూ చనిపోలేదు.

వానలు పడ్డ నెలలో ఒక గూడెంలో ఒక ముసలాయన పోయాడు. ఆ గూడెంలో మా మాత్రలు వాడేవాళ్లు ఇద్దరే. ఆయన, ఆయన తర్వాత ఇరవై రెండేళ్ల ఒక ఆడపిల్ల. ఆ పిల్లకు ఆ రోజే అక్క తన చేత్తో మాత్రలిచ్చి వచ్చింది. సాయంత్రం కూర్చుని ముసలాయన దగ్గర రెండు కొట్టింది. పిల్ల దగ్గర, "ఉన్నది నా తల్లి, మంచిగున్నది" అంది, ఖాళీగా ఎంటర్ నొక్కింది. ఆ మాట నేను నిజంగా విన్నానో, తర్వాత నా మనసు కల్పించుకుందో చెప్పలేను. ఇప్పుడైతే చెవిలో స్పష్టంగా ఉంది.

ఉన్నవాళ్ల పేర్లు ఏరి, వచ్చే నెల జీపు ఎక్కడెక్కడికి పోవాలో కాగితం తీసేది కూడా నా ప్రోగ్రామే. దాని లెక్కలో ఆ గూడెంలో ఉన్నవాళ్లు ఎవరూ లేరు కాబట్టి గూడెం పేరే కాగితంలో రాలేదు. మరో నెల అయితే అక్క జీపులో కూర్చుని అదేందని అడిగేది. ఆ నెల ఆమె మోకాళ్ల నొప్పితో మంచం పట్టింది. కొత్త నర్సు కాగితం పట్టుకుని పోయింది, కాగితంలో ఉన్న ఊళ్లన్నీ తిరిగి వచ్చింది.

రెండో నెల అక్క పనిలోకి వచ్చి కాగితం చూసింది. "గీ గూడెం ఏదీ?" అంది. నేను ఫైలు తెరిచాను. ముసలాయన ఎదురుగా రెండు. పిల్ల ఎదురుగా రెండు. చూసిన నిమిషంలో నాకు మొత్తం అర్థమైంది, ఆ ఏడు వరసలూ కళ్ల ముందుకొచ్చాయి.

"గీ పిల్ల లేదని ఎవలు చెప్పిండ్రు?" అని అక్క నా భుజం మీదుగా వంగి చూసింది. తర్వాత గొంతు తగ్గించి, "నేనే రెండు కొట్టిన్నా ఏంది బిడ్డా?" అంది.

"ఏమో అక్కా, చూడాలె" అన్నాను. అంతే అన్నాను.

అప్పటికప్పుడు జీపు తీయించాం. ఆ ఇంటి ముందు ఆ పిల్ల తల్లి పెసరకాయలు కొడుతోంది. మమ్మల్ని చూసి కర్ర పక్కన పెట్టింది. పద్దెనిమిది రోజులయిందని చెప్పింది. మాత్రలు అయిపోయాక పన్నెండో రోజు పొద్దున, పశువులకు కుడితి కలుపుతుంటే ఫిట్స్ వచ్చి ముఖం గోలెంలో పడిందట. చేన్లో ఉన్న తల్లి వచ్చేసరికి అయిపోయింది. ఆ గోలెం ఇంటి మూలన బోర్లించి ఉంది, నేను దాని వైపు చూడకుండా ఉండలేకపోయాను. "జీపు ఖరాబయిందా అక్కా?" అని ఆమె అడిగింది. అక్క ఆమె ముందు నేల మీద కూలబడి, "నేనే రాలె వదినా, నా తప్పే" అంది. నేను గేటు దగ్గరే నిలబడ్డాను. తిరుగు దారిలో అక్క తన రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని వాటినే చూసుకుంటూ కూర్చుంది.

దవాఖానకు రాగానే కోడ్ మార్చాను. ఆ ప్రశ్నకు ఖాళీగా ఎంటర్ నొక్కితే ఇక ఏ జవాబూ పడదు, మళ్లీ అడుగుతుంది. ఐదు నిమిషాలు పట్టింది. అక్క ఆ తర్వాత ఆ పెట్టె ముందు కూర్చోనంటే కూర్చోనంది. మూడు నెలలకు పనే మానేసింది. నా చేతులు మంచిగ లేవు అని డాక్టరుతో చెప్పిందట. నేను నోరు విప్పితే ఆమె ఉండేది. ఉద్యోగం పోతుందని కాదు, అంత మంచి ప్రోగ్రాం రాసిన తెలివిగల పిల్ల అన్న పేరు పోతుందని విప్పలేదు. ఇంత చిన్న కారణం రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ అదే నిజం.

తర్వాత నల్గొండకు ఉద్యోగం మారాను. మార్చక ముందున్న పాత ప్రోగ్రాం నకలు ఒకటి నా దగ్గరే ఉంచుకున్నాను. సెలవు రోజు మధ్యాహ్నం, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, దాన్ని నడిపేదాన్ని. ముసలాయన పేరు కొట్టి రెండు కొడతాను. ఆ పిల్ల పేరు కొట్టి ఖాళీగా ఎంటర్ నొక్కుతాను. లేరు అని వస్తుంది. మళ్లీ మొదటి నుంచి కొడతాను. అది అలాగే చెప్తుందని రాసిన నాకే తెలుసు. అయినా ఒక్కసారన్నా ఆగి నన్ను అడుగుతుందేమోనని చూసేదాన్ని. దవాఖానలో ఉన్న ఆమె మాత్రల కార్డు మీది చిన్న ఫోటో నాకు గుర్తుంది. జడ ముందుకు వేసుకుని, నవ్వాలా వద్దా అన్నట్టు ఉంటుంది.

పోయిన ఏడాది నల్గొండ బస్టాండులో ఆ జీపు డ్రైవరు కలిశాడు. అక్క ఎట్లుందని అడిగాను.

"మోకాళ్లు పనిచేస్తలేవు. అయినా నెలకొకపారి గా గూడెం పోతనే ఉంటది. ఆటో మాట్లాడుకోని పోయి, గా పిల్ల తల్లి కాడ పొద్దందాక కూసోనొస్తది. ఎందుకక్కా అంటే, నా చేతుల పాపమాయె అంటది."

ఆ ఆదివారమే దేవరకొండ పోయాను. అక్క వాకిట్లో కందిపప్పు చెరుగుతోంది. కూర్చోక ముందే చెప్పేశాను. నువ్వు రెండు కొట్టలేదు, ఖాళీగా నొక్కావు, దాన్ని రెండు చేసింది నేను, అలా అవుతుందని నాకు ముందే తోచింది అన్నాను. ఆమె చాట కింద పెట్టింది.

"గప్పుడు ఎరుకనా నీకు? గా దినం, గా పెట్టె ముందర?"

"ఎరుకే అక్కా."

ఆమె నన్ను తిట్టలేదు. తిడుతుందని సిద్ధపడి వెళ్లాను, తిడితే బాగుండుననిపించింది. గోడ పట్టుకుని లేచి, "నడువు, ఆమెకు చెప్పు" అంది. ఆటోలో గూడెం దాకా నా వైపు చూడలేదు.

తల్లికి ఇప్పుడు చూపు మసకేసింది. అక్కను గొంతుతో గుర్తుపట్టింది. నేను ఎదురుగా కూర్చుని చెప్పాను. కంప్యూటరు, ప్రశ్న, ఎంటర్, ఇవేవీ ఆమెకు పట్టలేదు. చాలాసేపు విని ఒక్కటే అడిగింది.

"అంటే గా నెల జీపు రానే రాదా? మరిచిపోవుడు కాదా?"

"రాదు అవ్వా. మీ గూడెం కాగితంల లేదు."

"తెల్లారి గూడ రాదా?"

"ఎన్ని దినాలు చూసినా రాదు."

ఆమె చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నేనే ఆపిన బిడ్డా. మాత్రలు అయిపోయినయే, దేవరకొండ పోయి తెచ్చుకుంటనే అని పిల్ల బస్సెక్కబోయింది. నేను చెయ్యి పట్టి ఆపిన. అక్క ఎన్నడు తప్పది, రేపొస్తది, ఎందుకంత ఆత్రం అన్న. తెల్లారి గూడ గట్లనే అన్న. పన్నెండు దినాలు అన్న."

నేను అక్క వైపు చూశాను. ఆమెకూ ఈ మాట తెలియదు. ఆరేళ్లు నెలకోసారి ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు, ఒకరు చేతుల గురించి, ఒకరు ఆపిన సంగతి గురించి లోపల్లోపలే కుములుతూ. ఆ రెండూ నావి.

"నీది కాదు అవ్వా, అక్కది గూడ కాదు, నాది" అన్నాను. ఆమె మళ్లీ చెప్పమంది. చెప్పాను. ఇంకా గట్టిగా చెప్పమంది, పక్కింటివాళ్లకు కూడా వినబడేంత గట్టిగా చెప్పాను. ఆమె చేత్తో తడుముకుని నా మణికట్టు పట్టుకుంది.

"పిల్ల నాయిన బతికున్నన్ని దినాలు నా చేతి బువ్వ తినలె. బిడ్డను ఆపి సంపినవన్నడు, మాట బంద్ వెట్టిండు. రెండేండ్ల కింద గట్లనే పోయిండు" అంది. "గీ మాట ఆయిన ఉన్నప్పుడు చెప్పకపోతివి బిడ్డా."