నూటికి ఐదు, నా లెక్కలో యాభై

ఒక్క సున్నా మరిచిపోయి పన్నెండు మంది పిల్లల డాన్సు బట్టల్ని నేనెలా నాశనం చెయ్యబోయానో చెబుతాను, వినండి. నవ్వినా పర్వాలేదు. మా పిన్ని ఇప్పటికీ నవ్వుతూనే ఉంది.

తొంభైల మొదట్లో ఉక్కు ఫ్యాక్టరీ ఊరు భిలాయిలో, క్యాంప్ వన్‌లో ఉండేవాళ్ళం. మా సూరమ్మ పిన్ని ఇంట్లోనే మిషను పెట్టుకుని బట్టలు కుట్టేది. చదివింది ఐదో తరగతి. నేనేమో పదో తరగతిలో లెక్కల్లో ఫస్టు. ఆ సంగతి అడగనివాళ్ళకి కూడా చెప్పేదాన్ని.

మా తెలుగువాళ్ళ సంఘం ఉగాది ప్రోగ్రాంకి పన్నెండు ఆకుపచ్చ రవికెలు కుట్టే పని పిన్నికి వచ్చింది. అంత పెద్ద పని రావడం అదే మొదలు. సరిగ్గా అప్పుడే ఒకరోజు ఆవిడ పక్క ఊరు ఉతైలో బంధువుల ఇంటికి వెళ్ళాల్సొచ్చి, గుడ్డ నాకప్పగించింది.

"అందరిదీ ఇరవై ఎనిమిది అంగుళాల చుట్టుకొలతే. ఈ గుడ్డ ఉతికితే నూటికి ఐదు ముడుచుకుపోతాది. అది కలిపి పన్నెండు ముక్కలు కత్తిరించి ఉంచు. సేయగలవేటి?"

"టెన్షన్ మత్ లో పిన్నీ, కంగారెందుకు! పర్సెంటేజీలు ఎడంచేత్తో చేసేస్తాను."

నిజంగా ఎడంచేత్తోనే చేసినట్టున్నాను. నూటికి ఐదు అంటే పాయింట్ ఐదు అని రాసేశాను. ఇరవై ఎనిమిదిని దాంతో గుణిస్తే పద్నాలుగు. కలిపితే నలభై రెండు. చిల్లర అంకె లేకుండా ఎంత చక్కగా వచ్చిందో అని మురిసిపోయి కత్తెర అందుకున్నాను. ఎనిమిది ముక్కలయ్యేసరికి గుడ్డ అయిపోయింది. మూరెడు పేలిక ఒక్కటి మిగిలింది.

సాయంత్రం పిన్ని గుమ్మంలో చెప్పులు విడుస్తుండగానే ఫిర్యాదు చేశాను. "కొట్టువాడు మోసం చేశాడు పిన్నీ! గుడ్డ తక్కువ కొలిచాడు."

పిన్ని ఒక ముక్క తీసి తన ఒంటికి చుట్టుకుంది. ఇంకా మిగిలింది.

"ఇది డాన్సు పిల్లకా, పిల్లనీ తల్లినీ కలిపి కుట్టడానికా? ఏదీ, నీ లెక్క సూపించు."

చూపించాను. ఆవిడ టేపు తీసింది.

"నూటికి ఐదంటే ఇరవైకి ఒకటి. ఇరవై అంగుళాల్లో ఒకంగుళం. నువ్వు రాసిందేటి? రెండంగుళాలకి ఒకంగుళం! సగానికి సగం తగ్గిపోడానికి ఇది గుడ్డేటే, తోటకూరా?"

అప్పుడు వెలిగింది నాకు. పాయింట్ పక్కన మొదటి గది పదోవంతులది, రెండోది నూరోవంతులది. నూటికి ఐదు రెండో గదిలో ఉండాలి. ముందు గదిలో సున్నా పెట్టి పాయింట్ సున్నా ఐదు అని రాయాల్సింది. నేను ఐదుని తీసుకెళ్ళి మొదటి గదిలో కూర్చోబెట్టాను. అక్కడది యాభై శాతమై కూర్చుంది!

ఆ రంగు గుడ్డ కొట్లో ఇంక లేదని నాకు తెలుసు. భోరుమన్నాను.

"ఏడవకే. గుడ్డెక్కడికీ పోలేదు, ఎనిమిదింట్లో దాక్కుంది." కాగితమూ పెన్సిలూ లేకుండా పిన్ని మొదలుపెట్టింది. "ఒక్కోదానికి ఇరవై తొమ్మిదిన్నర సాలు. అంటే ఒక్కోదాన్నించి పన్నెండున్నర మిగుల్తాది. రెండు కలిపితే పాతిక. నాలుగంగుళాలు సిల్లర తక్కువ. నీ మూరెడు ముక్కని నాలుగు పట్టీలు సెయ్యి, సరిపోతాది."

సరిపోయింది! ఎనిమిదికి తోడు మరో నాలుగు రవికెలు లేచాయి.

"ఇదంతా ఎక్కడ నేర్చుకున్నావు పిన్నీ?"

"పదేళ్ళు టేపు మెళ్ళో ఏసుకుని తిరిగితే రాదేటి?"

ఆ నాలుగింటికీ వీపు మీద అతుకులు కనబడకుండా జరీ పట్టీ వేసింది. ఉగాది నాడు పిల్లలు వేదిక మీద తిరుగుతుంటే ఆ జరీ తళతళలాడిపోయింది. ప్రోగ్రాం అవగానే మిగతా ఎనిమిది మంది తల్లులూ పిన్నిని చుట్టుముట్టారు.

"ఏటి సూరమ్మా, జరీ ఆ నలుగురికేనా? మా పిల్లలేం పాపం సేసినారు?"

పిన్ని ముఖంలో నవ్వు జాడైనా లేదు. "అదంతా మా అమ్మాయి డిజైనమ్మా. వచ్చే ఏడు అందరికీ పెడతాది."

వాళ్ళంతా నా వైపు ఎంత మెచ్చుకోలుగా చూశారో! అక్కడే, ఆ మెచ్చుకోలు భారానికి తల దించుకుని, మనసులో ప్రమాణం చేసుకున్నాను. ఈ జన్మలో నూటికి ఇంతని ఎవరు చెప్పినా, ముందు పిన్నినడిగి, తర్వాతే పాయింట్ పెడతాను.