పొగకు దోవ చూపిన మేస్త్రి

మా మేస్త్రి పోయాడని మొన్న శుక్రవారం పొద్దున కుప్పం నుంచి ఆయన కూతురు ఫోన్ చేసింది. నిద్రలోనే ప్రాణం పోయిందట. అప్పుడు నేను మదనపల్లెలో, మేమిద్దరం కలిసి మొదలుపెట్టిన పాల సొసైటీ ఆఫీసు సైటులో ఉన్నాను. దక్షిణం గోడకు కిటికీలు వాస్తు కాదని, వాటిని మూయించడానికి సొసైటీ చైర్మన్ ఇటుకలు కూడా దింపించాడు. మేస్త్రి వచ్చి మాట్లాడతాడులే అని నేను ధీమాగా ఉన్నాను.

ఇంజనీరింగ్ పట్టా నాదే గానీ పని నేర్పింది ఆయన. పుంగనూరులో నాకు మొదటగా వచ్చిన ఆఫీసు భవనానికి, చూడ్డానికి బాగుంటాయని వెంటిలేటర్లన్నీ తెరుచుకోని అద్దాలతో గీశాను. అద్దాలు బిగించాక ఆయన ఊదుబత్తి వెలిగించి హాలు మధ్యలో నిలబడ్డాడు. పూజేమో అనుకుని వాచ్‌మన్ చెప్పులు విడిచి దణ్ణం పెట్టాడు. పొగ పైకి పోయి కప్పు కిందే నిలిచిపోయింది.

"గాలి వచ్చేదానికి కిటికీ పెడితే సాలదమ్మా. వేడి పైకి పోతాది, దానికీ దోవ ఉండాల. పొగే పోలేకుంటే ఈడ కూసోని పనిచేసేవాళ్ల గతేంది?"

నాకు రోషం వచ్చి రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు నేనే ఆ అద్దాలు తీయించి, తెరుచుకునే రెక్కలు పెట్టించాను. ఆ తప్పు సంగతి ఆయన ఎవరి దగ్గరా ఎత్తలేదు. అలాగని సాధువేమీ కాదు. టీలో చక్కెర తగ్గితే సైటంతా వినపడేలా అరిచేవాడు.

కుప్పంలో ఇంకో ఆఫీసు కట్టేటప్పుడు, దక్షిణం కిటికీల మీద నీడకు కాంక్రీటు సజ్జా పోసే ముందు, అది వచ్చేచోట ఒక రేకు అడ్డం పట్టించి, చలికాలం మధ్యాహ్నం ఎండ గదిలో ఎందాకా వస్తుందో సున్నంతో గీత గీశాడు. ఎండాకాలం సూర్యుడు నడినెత్తిన ఉంటాడు, సజ్జా ఆపుతుంది. చలికాలం కిందికి వాలి వస్తాడు, రానివ్వాలి. ఆయన శాస్త్రమంతా ఇదే. అక్కడా ఒక పెద్దమనిషి, దక్షిణం యముడి దిక్కని అడ్డుపడ్డాడు.

"యముడు వస్తే తలుపులోనే వస్తాడప్పా. సలికాలం ఎండకు మాత్రం ఈ కిటికీ తప్ప దోవ లేదు" అన్నాడు మేస్త్రి. ఇప్పటికీ చలి మొదలైతే ఆ ఆఫీసు గుమాస్తాలు బల్లలు ఎండలోకి జరుపుకుంటారు.

ఆఖరి చూపుకు కుప్పం వెళ్లి, మర్నాడు పొద్దున్నే మదనపల్లె సైటుకు వచ్చాను. చైర్మన్ మఫ్లర్ చుట్టుకుని నాకోసమే కాచుకుని ఉన్నాడు.

"సూస్తివా అమ్మా, దక్షిణం తెరిచినోడు ఏమైనాడో! ఇంకనన్నా మూయించు."

నాకు ఒళ్లు మండిపోయింది.

"డెబ్బై దాటి పోయినాడప్పా ఆయన. మొన్నటిదాకా నిచ్చెనెక్కి గోడ కట్టినాడు. నేనైతే ఈ కిటికీలు మూయించను. మూసేదే అయితే ఇంకో ఇంజనీరును సూసుకోండి."

నేను ఊదుబత్తి వెలిగించి, కిటికీల్లోంచి ఎండ పడుతున్నచోట నిలబడ్డాను. ప్రతి సైటులో మేస్త్రే చేసే ఈ పొగ పరీక్ష, ఆయన లేకుండా నేను చేయడం అదే మొదటిసారి. పొగ నిటారుగా లేచి, ఉత్తరం గోడ పైనున్న వెంటిలేటర్ వైపు వాలి, బయటికి వెళ్లిపోయింది.

చైర్మన్ చెప్పులు విడిచి దణ్ణం పెట్టాడు. పోయినాయన కోసం వెలిగించాననుకున్నాడు. నేను కాదనలేదు. కొత్త సిమెంటు నేల కాళ్లకు చల్లగా తగిలిందేమో, మెల్లగా జరిగొచ్చి నా పక్కన ఎండలో నిలబడ్డాడు.

"ఆ ఇటుకలు కాంపౌండు గోడకు వాడుకుందాంలేమ్మా" అన్నాడు కాసేపటికి.

ఊదుబత్తి అయిపోయేదాకా ఇద్దరం ఆ ఎండలోనే ఉన్నాం.